ఇనుమును అతికే విద్య, కంటిని కాచే విద్య



ప్రతి ఏటా మన వార్షికోత్సవ సంచికలో కవితలు, కథలు, సూక్తులు ఎన్నో వస్తుంటాయి. ఈసారి మేము ఇనుము గురించి రాయదలిచాం. ఎందుకంటే మన హాస్టల్లో ఇనుము లేని గది లేదు. మనం పడుకునే రెండంతస్తుల మంచం, కిటికీ చువ్వలు, వంటగదిలో పొయ్యి స్టాండు, నీళ్ళ ట్యాంకు నిచ్చెన, రాత్రి తొమ్మిదింటికి వాచ్‌మన్ అన్న మూసే గేటు. ఒకసారి దగ్గరికి వెళ్ళి చూడండి. రెండు ముక్కలు కలిసిన చోట చేప పొలుసుల్లాగా చిన్న చిన్న అలలు వరుసగా కనిపిస్తాయి. అది ఒక మనిషి చేతిరాత. రాసినాయన పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

మా నాన్న అలాంటి పేరు లేని రాతగాడే. ఐదో తరగతితో బడి మానేసి, మండల కేంద్రంలో ఒక షెడ్డులో హెల్పరుగా చేరి, చూసి చూసి వెల్డరు అయ్యాడు. గేట్లు, గ్రిల్సు, ట్రాక్టరు ట్రాలీలు, గొర్రు, గుంటక ఏది విరిగినా అతుకుతాడు. ఆ కూలీ డబ్బులతోనూ, ఈ హాస్టల్ అన్నంతోనూ, ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతోనూ మేము పదో తరగతి దాటాం. పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి బి.టెక్.లో చేరి, ఇప్పుడు ఎం.టెక్. ప్రొడక్షన్ ఇంజనీరింగ్ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసింది మేమే మొదలు. వేసవి సెలవుల్లో మేమూ మా తమ్ముడూ ఆ షెడ్డులోనే గ్రైండరు పట్టేవాళ్ళం. కనుక ఈ వ్యాసంలో సగం పుస్తకంలోది, సగం షెడ్డులోది.

రెండూ చూశాక మాకు తెలిసిన సంగతి ఒకటే. వెల్డింగులో కంటికి కనిపించేది కొంచెం, కనిపించనిది ఎక్కువ. అతుకు బలం కనిపించదు. ప్రమాదమూ కనిపించదు. ఆ కనిపించని దాన్ని చెప్పేదే చదువు. అది మనకు దొరికింది, మన ఇళ్ళలో చాలామందికి దొరకలేదు.

కొలిమి నుంచి కరెంటు దాకా

రెండు లోహాలను ఒకటి చేయడం కొత్త విద్యేమీ కాదు. మన ఊళ్ళలో ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసే కమ్మరి ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నాడు. పట్టా రెండు కొసలనూ కొలిమిలో తెల్లగా మెరిసేదాకా కాల్చి, ఇసుక చల్లి, దాగలి మీద పెట్టి సమ్మెటతో కొడితే అవి కలిసిపోతాయి. ఇక్కడ ఇనుము కరగదు, మెత్తబడి ఒకదానిలో ఒకటి కూడుతుంది. ఇసుక ఎందుకంటే పైన పట్టిన చిట్టెం కరిగి జారిపోవడానికి. ఢిల్లీలో కుతుబ్‌మీనార్ పక్కనున్న ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్ళ నాటిది. ఏడు మీటర్ల పొడవు, ఆరు టన్నుల పైన బరువు. అది పోత పోసింది కాదు. ఇనుప ముద్దలను కాల్చి, కొట్టి, ఒకదానికొకటి అతికి నిలబెట్టింది.

తర్వాత గ్యాసు వెల్డింగు వచ్చింది. ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిపి మండిస్తే మంట వేడి 3100 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. ఇనుము 1538 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి ఆ మంట ముందు నిలవదు. మన దేశంలో ఆక్సిజన్ సిలిండరుకు నల్లరంగు, ఎసిటిలీన్ సిలిండరుకు మెరూన్ రంగు వేస్తారు. ఆక్సిజన్ మర కుడివైపు తిరుగుతుంది, ఎసిటిలీన్ మర ఎడమవైపు తిరుగుతుంది. చీకట్లో కూడా ఒకదాని పైపు ఇంకొకదానికి ఎక్కకుండా ఈ ఏర్పాటు. షెడ్డులో రోజూ చూసేదే అయినా దాని వెనక ఇంత ఆలోచన ఉందని మాకు పాలిటెక్నిక్‌లోనే తెలిసింది.

ఇక మన ఊరి షెడ్లన్నిటిలో కనిపించేది ఆర్కు వెల్డింగు. 1880లలో రష్యాలో బెనార్డోస్ అనే ఆయన కార్బన్ కడ్డీతో కరెంటు ఆర్కు పుట్టించి లోహాలను అతికాడు. 1888లో స్లావ్యానోవ్ కార్బన్‌కు బదులు లోహపు రాడ్డునే వాడాడు. రాడ్డుకు పూత పూసే పద్ధతి 1900 తర్వాత స్వీడన్‌లో ఆస్కార్ షెల్‌బెర్గ్ తెచ్చాడు. ఈ రోజు మా నాన్న చేతిలో ఉన్న రాడ్డుకు తాత అదే.

మిగతా పద్ధతులు పోటీ పరీక్షలకు కూడా పనికొస్తాయి కాబట్టి క్లుప్తంగా చెప్తాం. తీగ చుట్ట దానంతటదే ముందుకు వస్తుంటే చుట్టూ కార్బన్ డయాక్సైడో, ఆర్గాన్ కలిపిన గ్యాసో వదిలేది మిగ్ వెల్డింగు. షెడ్డు భాషలో దీన్ని సీఓటూ వెల్డింగు అంటారు. కరగని టంగ్‌స్టన్ ముల్లుతో ఆర్కు పుట్టించి, ఆర్గాన్ కప్పి, స్టీలు, అల్యూమినియం సన్నగా అతికేది టిగ్. రెండు రేకులను నొక్కి పట్టి కరెంటు పంపి చుక్క చుక్కగా అతికేది స్పాట్ వెల్డింగు, కార్ల బాడీలకు వాడతారు. అల్యూమినియం పొడి, ఇనుప ఆక్సైడు కలిపి అంటిస్తే కరిగిన ఉక్కు వస్తుంది. దానితో రైలు పట్టాలను అతికేది థర్మిట్ పద్ధతి. రేడియో రిపేరు చేసే అన్న సీసం, తగరంతో అతికేది సోల్డరింగు. అందులో అతికే లోహం కరుగుతుంది గానీ అతుక్కునే లోహం కరగదు. అదే వెల్డింగుకూ దానికీ తేడా.

రాడ్డు చెప్పే సంగతులు

రాడ్డు మీది పూత అలంకారం కాదు. ఆర్కు వెలిగినప్పుడు ఆ పూత కాలి కొంత గ్యాసు అవుతుంది, కొంత కరిగి పైన పెంకు కడుతుంది. ఆ పెంకునే స్లాగు అంటాం, చల్లారాక సుత్తితో కొట్టి రాల్చేస్తాం. ఈ రెండూ కరిగిన ఇనుము దగ్గరికి గాలిని రానివ్వవు. గాలి తగిలితే అతుకులో బుడగలు పడతాయి, పెళుసుబారుతుంది. పైకి నున్నగానే ఉంటుంది, బరువు పడ్డ రోజు విరుగుతుంది.

రాడ్డు మీద 6013 అని ఒక అంకె ఉంటుంది. మా నాన్న దాన్ని కంపెనీ నంబరు అనుకునేవాడు. మొదటి రెండంకెలు బలం. చదరపు అంగుళానికి కనీసం 60 వేల పౌండ్ల లాగుడు తట్టుకోవాలని అర్థం. మూడో అంకె 1 అంటే కిందా, నిలువునా, తలపైనా ఏ భంగిమలోనైనా వాడొచ్చు. చివరి అంకె పూత రకాన్నీ, దానికి పనికొచ్చే కరెంటునూ చెబుతుంది. ఒక సెలవుల్లో మేము ఇది చెబితే నాన్న రాడ్డు పెట్టెలన్నీ ముందు వేసుకుని ఒక్కొక్క అంకే చదివించుకున్నాడు. ఆ రోజు మాకు ఎంత గర్వంగా అనిపించిందో రాయలేం.

కానీ నేర్పింది మేమొక్కళ్ళమే కాదు. ఆర్కు పొడవు రాడ్డు లోపలి తీగ మందం అంత ఉండాలని పుస్తకంలో ఉంది. 3.15 మిల్లీమీటర్ల రాడ్డుకు సుమారు 90 నుంచి 130 ఆంపియర్లు పెట్టాలనీ ఉంది. నాన్న మీటరు చూడడు. "చెవి పెట్టి వినండిరా, పోపు వేగినట్టు ఒకే చప్పుడు రావాలి. చటచట పేలిందంటే రాడ్డు దూరం పోయినట్టు. మూలిగిందంటే కరెంటు చాలనట్టు" అనేవాడు. ల్యాబ్‌లో మేము పెట్టిన మొదటి అతుకు బాగుందని సారు మెచ్చుకున్నారంటే అది ఆ చెవి చలవే.

అలాగే లారీ కమాను పట్టీ విరిగితే వెల్డింగు చేయనని నాన్న వెనక్కి పంపేసేవాడు. "నిలవదు" అనేవాడు, ఎందుకో చెప్పలేకపోయేవాడు. కారణం పుస్తకంలో దొరికింది. కమాను పట్టీ ఉక్కులో కార్బన్ ఎక్కువ. అతికిన వెంటనే గబుక్కున చల్లారితే అతుకు పక్కన ఉక్కు గాజులా గట్టిపడి పెళుసవుతుంది. రాడ్డుకు చెమ్మ ఉంటే అందులోంచి హైడ్రోజన్ చేరి, కొన్ని గంటల తర్వాత కూడా చీలిక రావచ్చు. ఇరవై ఏళ్ళ అనుభవం చెప్పినదీ, పుస్తకం చెప్పినదీ ఒకటే మాట. అనుభవం ఉన్నవాళ్ళను చదువులేనివాళ్ళని చిన్నచూపు చూడకూడదని మేము అక్కడే నేర్చుకున్నాం.

కనిపించని శత్రువులు

మొదటిది వెలుగు. ఆర్కులో మనం చూసే వెలుగు ఒక భాగమే. దానితోపాటు కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు వస్తాయి. అవి కంటి నల్లగుడ్డు మీది పొరను ఎండ చర్మాన్ని కమిలించినట్టు కమిలిస్తాయి. చిత్రమేమిటంటే అప్పుడేమీ తెలియదు. కొన్ని గంటలు గడిచాక, సరిగ్గా అందరూ పడుకునే వేళకు, కళ్ళలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. మా చిన్నప్పుడు అలాంటి రాత్రులు చాలా గడిచాయి. నాన్న గోడకు తిరిగి కూర్చునేవాడు, నీళ్ళు ధారగా కారేవి. అమ్మ బంగాళాదుంప చక్రాలు కోసి కళ్ళ మీద పెట్టేది. పక్కింటి బాలింత దగ్గర చనుబాలు అడిగి రెండు చుక్కలు వేసేది. తెల్లవారి మళ్ళీ పనికి పోయేవాడు. మేము దీపం ఆర్పేసి చీకట్లో పాఠాలు వల్లించుకునేవాళ్ళం.

ఇప్పుడు తెలిసింది చెప్తున్నాం. ఆ బాధ మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తనంతట తానే తగ్గుతుంది. అందుకే పసరు, పాలు పనిచేశాయని అనుకుంటాం. కమిలిన కంట్లో శుభ్రం లేనివి పోస్తే చీము పట్టే ప్రమాదం ఉంది. మందుల షాపులో తిమ్మిరి చుక్కలు కొని పదే పదే వేసుకోవడం ఇంకా చెడ్డది. నొప్పి తెలియదు గానీ గాయం మానదు, నల్లగుడ్డు దెబ్బతింటుంది. చల్లని తడిగుడ్డ వేసుకుని, చీకటి గదిలో ఉండి, కంటి డాక్టరుకు చూపించుకోవాలి. ఇక ఎండకు పెట్టుకునే నల్ల కళ్ళజోడు ఆర్కుకు చాలదు. మామూలు రాడ్డు పనికి 10 లేదా 11 నంబరు అద్దం కావాలి. ఆర్కు పట్టేవాడికే కాదు, ముక్క పట్టుకునే హెల్పరుకూ, పక్కన నిలబడి చూసే పిల్లలకూ అదే ప్రమాదం.

రెండోది పొగ. అది మామూలు పొగ కాదు, ఆవిరైన లోహం. ఆ రేణువులు ముఖానికి కట్టుకునే తువ్వాలులోంచి సులువుగా దూరిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లో వెల్డింగ్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. జింకు పూత ఉన్న జీఐ పైపు అతికిన రోజు సాయంత్రం చలిజ్వరం రావడం, నోట్లో ఇనుము రుచి తగలడం షెడ్డులో అందరికీ తెలుసు. దానికి విరుగుడుగా బెల్లం ముక్క తింటారు. బెల్లం కడుపులోకి పోతుంది, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ రెండు దారులూ వేరు. చేయాల్సింది ఏమిటంటే ఆరుబయట గాలి ఆడేచోట పని చేయాలి. గాలి వీపు నుంచి కాకుండా పక్కనుంచి వచ్చేలా నిలబడాలి. తల పొగ మీదికి వంచకూడదు. అతికే చోట జింకునూ, పెయింటునూ ముందే గీకేయాలి. మంచి మాస్కు పెట్టుకోవాలి.

మూడోది కరెంటు. వెల్డింగు మిషనులో పని లేనప్పుడు హోల్డరు దగ్గర 50 నుంచి 100 వోల్టుల దాకా ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు తెలియదు. చెమటతో తడిసిన చొక్కా, వర్షపు నేల, చిరిగిన గ్లవుసు తోడైతే అదే ప్రాణం తీస్తుంది. రాడ్డు మార్చేటప్పుడు పొడి గ్లవుసు ఉండాలి. కాలికింద పొడి చెక్క ఉండాలి. కేబులు మెడకో నడుముకో చుట్టుకోకూడదు.

నాలుగోది అన్నిటికన్నా మోసకారి. ఖాళీ డ్రమ్ము. మేము బి.టెక్. రెండో ఏడు చదువుతుండగా, మా నాన్న పనిచేసే చోటికి కొంత దూరంలో ఇంకో షెడ్డులో ఒక డ్రమ్మును తొట్టిగా కోయమని తెచ్చారు. ఖాళీదే అన్నారు. కట్టర్ పెట్టగానే పైమూత ఎగిరింది. పని పట్టినవాడు మా తమ్ముడి ఈడువాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. ఊళ్ళో అందరూ వాడి తలరాత అన్నారు. తలరాత కాదు. నిండు డ్రమ్ములో గాలి ఉండదు. ఖాళీ డ్రమ్ము లోపల అంటుకుని మిగిలిన నూనె, థిన్నరు ఆవిరి గాలితో కలిసి పేలడానికి సిద్ధంగా ఉంటుంది. ముందు అందులో ఏముందో తెలుసుకోవాలి. లోపల బాగా కడిగి, మూతలన్నీ తెరిచి, కోసే చోటి దాకా నీళ్ళు నింపి అప్పుడే పని పెట్టాలి. ఏముందో తెలియని డ్రమ్మును ముట్టుకోకపోవడమే మంచిది. ఆ నీళ్ళ ఖరీదు నాలుగు బకెట్లు.

ఇవి కాక నిప్పురవ్వలు పది మీటర్ల దాకా ఎగురుతాయి. పని అయిపోయాక కనీసం అరగంట, వీలైతే గంట, చుట్టుపక్కల రాజుకుంటుందేమో కనిపెట్టి ఉండాలి. ఆక్సిజన్ వాల్వుకు నూనె, గ్రీజు ఎప్పుడూ రాయకూడదు. గ్యాసు కారుతుందేమో సబ్బు నురగతో చూడాలి, అగ్గిపుల్లతో కాదు. సిలిండరును నిలబెట్టి గొలుసుతో కట్టాలి.

రెండు చేతుల సమస్య

ఇన్ని చెప్పాక ఒక ప్రశ్న వస్తుంది. అద్దం షెడ్డులోనే ఉంటుంది కదా, మరి ఎందుకు పెట్టుకోరు? చదువుకున్నవాళ్ళు వెంటనే "నిర్లక్ష్యం" అంటారు. మేమూ అదే మాట నాన్నతో అంటే ఆయన నవ్వి, "దేవుడు రెండు చేతులే ఇచ్చాడ్రా. ఒక చేత్తో హోల్డరు, ఇంకో చేత్తో ముక్క. మీ అద్దం ఎవరు పట్టుకోవాలి?" అన్నాడు.

అసలు సంగతి అక్కడుంది. గేటుకు చువ్వలు నిలబెట్టేటప్పుడు ముందు చిన్న చిన్న చుక్కలు పెట్టి ట్యాక్ వేస్తారు. ఒక చేత్తో చువ్వను నిలువుగా పట్టుకోవాలి, ఇంకో చేత్తో చుక్క పెట్టాలి. చేత్తో పట్టుకునే అద్దానికి చేయి మిగలదు. నల్ల అద్దంలోంచి చూస్తే ఆర్కు వెలిగేదాకా చువ్వ ఎక్కడుందో కనిపించదు. అందుకే కళ్ళు మూసుకునో, ముఖం తిప్పుకునో చుక్క వేస్తారు. రోజుకు కొన్ని వందల చుక్కలు. పైగా కూలీ గేటుకింత అని లెక్క. కాబట్టి ఇది మనిషి తప్పు కాదు, పనిముట్టు తప్పు.

దీనికి మందు తలకు తగిలించుకునే హెల్మెట్టు. దానంతటదే నల్లబడే రకం ఇంకా మేలు. మామూలుగా లేత రంగులో ఉండి, ఆర్కు వెలిగిన మరుక్షణంలోనే నల్లబడుతుంది. రెండు చేతులూ ఖాళీ. ముక్కను పట్టి ఉంచే క్లాంపు, మూలమట్టానికి నిలబెట్టే అయస్కాంతం కూడా ఆ రెండో చేతిని కాపాడతాయి. మేము మొదటి స్టైపెండు అందిన నెలలో నాన్నకు అలాంటి హెల్మెట్టు కొన్నాం. మొదటి వారం బరువన్నాడు, రెండో వారం చెమటన్నాడు. మూడో వారం హెల్పరు అడిగితే ఇవ్వనన్నాడు. ఇప్పుడు షెడ్డులో రెండు హెల్మెట్లు ఉన్నాయి. రెండోది షెడ్డు యజమానే కొన్నాడు.

చట్టం ఏమీ చెప్పలేదా అంటే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 35వ సెక్షను కళ్ళ రక్షణ కోసం పెట్టారు. కానీ ఆ చట్టం కింద కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్ళుంటేనే ఫ్యాక్టరీ లెక్కగా ఉండేది. 2020లో చేసిన కొత్త కోడ్‌లో ఆ సంఖ్యను ఇరవై చేశారు. ముగ్గురు పనిచేసే రోడ్డుపక్క షెడ్డుకు ఇన్‌స్పెక్టరు రాడు. అక్కడికి చదువు వెళ్ళాలంటే మనింట్లోంచే వెళ్ళాలి.

మనం చేయగలిగింది

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీలో ఎంతోమంది నాన్నలు, అన్నలు, మామయ్యలు ఈ పనిలో ఉన్నారని మాకు తెలుసు. కొందరు గల్ఫ్‌లో ఉన్నారు. ఈ పని చేతకానివాళ్ళ పని కాదు. ఐటిఐలో వెల్డరు ట్రేడు ఏడాది కోర్సు. పైపును 45 డిగ్రీల వాలులో బిగించి, దాన్ని తిప్పకుండా చుట్టూ అతికే పరీక్షను 6జి అంటారు. అది గెలిచినవాడికి రిఫైనరీలలో, విద్యుత్ కేంద్రాలలో గౌరవం వేరు. తిరుచిరాపల్లిలో బిహెచ్‌ఇఎల్ ఆధ్వర్యంలో 1975 నుంచి వెల్డింగ్ పరిశోధన సంస్థ ఉంది. అంటే ఈ పనిలో పరిశోధన చేసేంత శాస్త్రం ఉంది. ఇంజనీరింగ్ వైపు వచ్చేవాళ్ళు వర్క్‌షాపు క్లాసును మార్కుల కోసం కాకుండా ఇంటి కోసం చదవండి.

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంటి వెల్డరును మూడు ప్రశ్నలు అడగండి. అద్దం నంబరు ఎంత? హెల్పరుకు అద్దం ఉందా? డ్రమ్ములు కోసేముందు నీళ్ళు నింపుతున్నారా? పెద్దరికంగా చెప్పకండి, అడగండి. వాళ్ళకు తెలిసింది ముందు వినండి. చేత్తో పట్టుకునే అద్దం ఒకరోజు కూలీ కంటే తక్కువకే దొరుకుతుంది. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థి అన్నలకూ అక్కలకూ మా మనవి ఒకటుంది. వార్షికోత్సవానికి మీరిచ్చే విరాళంలో కొంత తీసి, వెల్డింగు పనిచేసే తల్లిదండ్రులున్న పిల్లలకు ఒక్కో హెల్మెట్టు ఇప్పించండి. అది ఆ ఇంట్లో పిల్లవాడి చదువుకు కూడా రక్షణే. సంపాదించేవాడి కళ్ళు పోతే ముందు ఆగేది పిల్లల బడి.

మన పెద్దలు తమ చూపు ఖర్చుపెట్టి మనకు చదువు కొన్నారు. ఆ చదువులోంచి వాళ్ళ చూపుకు సరిపడా తిరిగి ఇవ్వడం మన బాధ్యత.